పసుపు, దూలగొండి, ఉమ్మెత్త: మెదడుకు మొక్కలు చేసే మేలెంత?

మన ఇళ్లలో శుభకార్యం ఏదైనా పసుపుతోనే మొదలవుతుంది. గడపకు పసుపు రాస్తాము. పెళ్లిపనులను పసుపు దంచడంతో ఆరంభిస్తాము. పసుపు ముద్దను విఘ్నేశ్వరునిగా నిలిపి తొలిపూజ చేస్తాము. ఈ మధ్యకాలంలో ఆ పసుపును గురించి కొత్త మాట ఒకటి వినవస్తున్నది. పసుపు తింటే మెదడులోని కణాలు చెడిపోవని, వృద్ధాప్యంలో మతిమరుపు వ్యాధి రాదని, వచ్చినా నయమవుతుందని చేతిఫోన్లలో సందేశాలు తిరుగుతున్నవి. వాటిని నమ్మి, తల్లిదండ్రులకు వైద్యులు వ్రాసిన మాత్రలు మాన్పించి, పసుపు పొడినో మరొక ఆకు చూర్ణాన్నో ఇస్తున్నవారు కూడ ఉన్నారు. ఆ మాటలో నిజమెంత ఉన్నదో తెలుసుకొనుట అవసరం. ఎందుకంటే అందులో నిజం బొత్తిగా లేకపోలేదు. కొంత నిజం ఉన్న మాటే ఎక్కువ చిక్కు తెస్తుంది.

పసుపును గురించి తెలుసుకొనుటకు మనం దూరం పోనక్కరలేదు. తెనాలికి దగ్గరలోని దుగ్గిరాల పసుపు వ్యాపారానికి పేరొందిన ఊరు. కృష్ణ పశ్చిమ డెల్టా కాలువల నీటితో పెరిగిన దుంపలను త్రవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబోసి, మెరుగుపట్టి, కొమ్ములు వేరుగా, కాయలు వేరుగా యార్డుకు తెస్తారు. ఆ కొమ్మును విరిస్తే కనబడే గాఢమైన రంగుకు కారణం కర్కుమిన్ అనే పదార్థం. దానిని 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మొదటిసారి వేరుచేశారు. దాని రసాయన నిర్మాణం 1910లో తేలింది. నూరు గ్రాముల ఎండు పసుపులో కర్కుమిన్ సాధారణంగా రెండు నుండి అయిదు గ్రాములు మాత్రమే ఉంటుంది. మనం కూరలో వేసే చిటికెడు పసుపులో అది ఎంత ఉంటుందో దీనినిబట్టి ఊహించవచ్చు.

మెదడులోని నాడీకణానికి ఒక ప్రత్యేకత ఉన్నది. చర్మం గీసుకుపోతే కొత్త చర్మం వస్తుంది. నాడీకణం నశిస్తే దాని స్థానంలో మరొకటి రావడం చాల అరుదు. పుట్టినప్పటి కణమే ఎనభై ఏళ్లు పనిచేయాలి. శరీరపు బరువులో మెదడు సుమారు రెండు శాతమే అయినా, మనం పీల్చే ప్రాణవాయువులో అయిదవ వంతు దానికే కావాలి. పొయ్యి ఎంత ఎక్కువ మండితే అంత మసి పడుతుంది కదా! నాడీకణంలోనూ శక్తి తయారయ్యే చోట ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుట్టి, కణపు పొరలను, జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంటవి. ఇది కాక, మెదడుకు కాపలా కాసే కణాలు అవసరం తీరినా శాంతించక, తమ పక్కనున్న కణాలనే గాయపరచడం మరొక బాధ. 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ వర్ణించిన మతిమరుపు వ్యాధిలో వీటికి తోడు ఎమిలాయిడ్ అనే మాంసకృత్తి ఉండలు కట్టి కణాల నడుమ పేరుకుంటుంది. టౌ అనే మరొక మాంసకృత్తి కణాల లోపల చిక్కుపడుతుంది.

గాజుపాత్రలో పెంచిన నాడీకణాల మీద కర్కుమిన్ చూపిన ప్రభావం ఆశ పుట్టించేదే. అది కణంలోని ఒక రక్షణ వ్యవస్థను మేల్కొల్పుతుంది. ఇక్కడొక ఆసక్తికరమైన సంగతి ఉన్నది. మొక్క ఇటువంటి పదార్థాలను మన కోసం తయారుచేసుకోదు. పురుగుల నుండి, బూజుల నుండి తనను కాపాడుకొనుటకు తయారుచేసుకుంటుంది. అవి ఒక విధంగా స్వల్పమైన విషాలే. ఆ స్వల్పమైన ఒత్తిడికి మన కణం ఉలిక్కిపడి, తన సొంత రక్షణలను సిద్ధం చేసుకుంటుందని శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. 2001లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఎలుకలకు కర్కుమిన్ పెట్టి చూడగా వాటి మెదడులో ఎమిలాయిడ్ తగ్గినది. 2006లో సింగపూరులో అరవై ఏళ్లు దాటిన 1010 మందిని పరిశీలించినప్పుడు, పసుపు వేసిన కూరలు అప్పుడప్పుడైనా తినేవారు జ్ఞాపకశక్తి పరీక్షలో, ఎన్నడూ తిననివారికంటే, అరుదుగా తినేవారికంటే మెరుగ్గా కనబడ్డారు. ఫోన్లలో తిరిగే కథ ఇక్కడితో ఆగిపోతుంది.

అసలు కథ ఇక్కడి నుండే మొదలు. సింగపూరు పరిశీలనలో కూర తినేవారికి ఇతర మంచి అలవాట్లు ఏమైనా ఉన్నవేమో, ఆ మేలు వాటిదేమో చెప్పలేము. దానిని తేల్చాలంటే కొందరికి మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చినదీ ఇచ్చేవారికి కూడ తెలియకుండా పరీక్షించాలి. అటువంటి పరీక్ష హాంకాంగ్‌లో 34 మంది రోగుల మీద ఆరు నెలలు జరిగి 2008లో ఫలితం వచ్చినది. మేలు కనబడలేదు. అమెరికాలో రోజుకు రెండు గ్రాములు, నాలుగు గ్రాముల కర్కుమిన్ చొప్పున 24 వారాలు ఇచ్చి చూశారు. 2012లో ప్రకటించిన ఆ ఫలితంలోనూ మేలు లేదు. రోజుకు నాలుగు గ్రాములంటే మన పొడి లెక్కలో ఎనభై నుండి రెండు వందల గ్రాముల పసుపు! ఎవరు తినగలరు? అయినా రోగుల రక్తంలో కర్కుమిన్ బహు స్వల్పంగానే కనబడినది. ప్రేగులు దానిని సరిగా పీల్చుకోవు. పీల్చుకున్నదానిని కాలేయం వెంటనే మార్చి బయటకు పంపుతుంది. మిగిలినది మెదడు వాకిట ఉన్న రక్తనాళాల గోడను దాటాలి.

మిరియంలోని పైపరిన్ అనే పదార్థం కాలేయం పనిని కొంతసేపు అడ్డుకుంటుంది. 1998లో బెంగళూరులో కొద్దిమంది ఆరోగ్యవంతులకు రెండు గ్రాముల కర్కుమిన్‌తో ఇరవై మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇవ్వగా, శరీరానికి అందిన కర్కుమిన్ ఇరవై రెట్లు పెరిగినది. పసుపు, మిరియం కలిపిన చారు మన వంటింటికి కొత్త కాదు. మంగళగిరి పానకాలస్వామికి సమర్పించే పానకంలోనూ బెల్లంతో పాటు మిరియం ఉంటుంది. అయితే స్వామివారి ప్రసాదాన్ని మందుసీసాగా చూడడం ఈ వ్యాసకర్తకు రుచించదు. భక్తితో తీసుకొనే తీర్థానికి మిల్లీగ్రాముల లెక్క కట్టనవసరం లేదు. పైగా పైపరిన్ ఒక్క కర్కుమిన్‌నే కాదు, మనం వేసుకొనే ఇతర మందులలో కొన్నింటిని కూడ రక్తంలో పెంచగలదు. మిరియపు సారంతో బలం పెంచిన పసుపు మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు అమెరికా, ఇటలీ దేశాలలో నమోదైనవి. వంటలో వేసే పసుపుకు ఈ భయం లేదు. భయమంతా సీసాలలో వచ్చే మాత్రలతోనే.

న్యాయంగా చెప్పాలంటే ఆశ పూర్తిగా అడుగంటలేదు. 2018లో అమెరికాలో వ్యాధి ఇంకా రాని 40 మందికి, తేలికగా ఒంటబట్టేటట్లు తయారుచేసిన కర్కుమిన్‌ను 90 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, పద్ధెనిమిది నెలలు ఇచ్చిన పరీక్షలో జ్ఞాపకశక్తి కొంత మెరుగైనది. కాని నలభై మంది చాలరు. ఇదే ఫలితం పెద్ద పరీక్షలో మళ్లీ రావాలి. వ్యాధి వచ్చినవారికి అది నయం చేస్తుందనుటకు మాత్రం నేటివరకు ఆధారం లేదు.

పసుపు విషయంలోనే మరొక హెచ్చరిక అవసరం. రంగు బాగా మెరిసేందుకు కొన్నిచోట్ల పసుపు కొమ్ములకు లెడ్ క్రోమేట్ అనే పచ్చని రంగు పూస్తారు. అది సీసం కలిసిన రసాయనం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను తిరిగి బాగుచేయలేని విధంగా దెబ్బతీస్తుంది. బంగ్లాదేశ్‌లో 2019లో బజారు నుండి తెచ్చిన నమూనాలలో 47 శాతంలో ఈ కల్తీ బయటపడినది. అక్కడి ప్రభుత్వం, శాస్త్రవేత్తలు కలిసి ప్రచారం చేసి, మిల్లుల మీద తనిఖీలు జరిపి, రెండేళ్లలో ఆ కల్తీని బజారులో కనబడకుండా చేయగలిగారు. మెదడును కాపాడుతుందని తినే పసుపే మెదడుకు విషమైతే అంతకంటే విపరీతం ఏముంటుంది? పసుపు పండే నేల మీద ఉన్న మనకు ఒక సౌకర్యం ఉన్నది. తెలిసిన రైతు వద్ద మెరుగుపట్టని కొమ్ములు కొని, కడిగి, ఎండబెట్టి, మరపట్టించుకోవచ్చు. కొంచెం మసక రంగులో ఉన్న కొమ్మును చూసి ముఖం చిట్లించవద్దు.

పసుపు తరువాత మన ప్రాంతపు పేరు చెప్పగానే జ్ఞాపకం వచ్చేది మిరప. దాని ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ మన నరాలలో ఏ తలుపు తడుతుందో 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించినది. వేడిని గుర్తించే తలుపు, కారాన్ని గుర్తించే తలుపు ఒక్కటేనట. మిరపకాయ కొరికితే నోరు మండుతున్నదని మన పెద్దలు ఊరకే అనలేదు. క్యాప్సైసిన్ కూడ గాజుపాత్రలో నాడీకణాలకు కొన్ని మేళ్లు చేస్తుంది. కాని చైనాలో 4582 మందిని పదిహేనేళ్ల పాటు గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు యాభై గ్రాములకు మించి మిరపకాయలు తినేవారికి జ్ఞాపకశక్తి త్వరగా తగ్గినట్లు కనబడినది. ఇది కూడ సింగపూరు పరిశీలన వంటిదే కనుక కారమే కారణమని తేల్చిచెప్పలేము. గుంటూరు కారాన్ని గురించి గొప్పలు చెప్పుకొనుటకు ఇది తగిన సమయం కాదేమో!

ప్రకాశం జిల్లా పొగాకు సంగతి ఇంకా విచిత్రం. పొగత్రాగేవారిలో వణుకు వ్యాధి తక్కువగా ఉన్నట్లు చాల దేశాల లెక్కలు చూపడంతో, అది నికోటిన్ మహిమేమోనని అనుకున్నారు. ఆ వ్యాధి తొలిదశలో ఉన్నవారికి నికోటిన్ పట్టీలు అంటించి చేసిన పరీక్ష ఫలితం 2023లో వెలువడినది. వ్యాధి నెమ్మదించలేదు. పొగ వలన వచ్చే పక్షవాతం, క్యాన్సరు మాత్రం నిశ్చయమైనవే.

ఇక సరస్వతి ఆకు. పిల్లలకు మాట రావాలని, చదువు రావాలని సరస్వతి లేహ్యం నాకించడం మనకు పాత అలవాటు. సరస్వతి ఆకు వేరు, నీటిబ్రాహ్మి వేరు. రెండింటినీ బ్రాహ్మి అనే పిలవడం వలన అంగళ్లలో ఒకదానికి మరొకటి ఇస్తున్నారు. నీటిబ్రాహ్మిలోని బాకోసైడ్ల మీద లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ చాలకాలం కృషి చేసినది. ఆరోగ్యవంతులు పన్నెండు వారాలు తీసుకున్నప్పుడు జ్ఞాపకశక్తి కొద్దిగా మెరుగైనట్లు కొన్ని పరీక్షలు చూపినవి. మతిమరుపు వ్యాధిని ఆపుతుందని చూపలేదు.

ఇంతవరకు చదివినవారికి, మొక్కలలో ఏమీ లేదా అనే సందేహం రావచ్చు. ఉన్నది. అయితే అది మనం పూజించే మొక్కలో కాక, మనం చూసి తప్పుకొని పోయే మొక్కలో ఉన్నది. చేల కంచెల మీద పాకే దూలగొండిని ఎరుగనివారు పల్లెల్లో ఉండరు. దాని కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద. ఆ కాయలోని గింజల నుండి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పదార్థాన్ని వేరుచేశారు. అదే లెవోడోపా. గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ పదార్థం ఎందుకు పనికివస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వణుకు వ్యాధిని వర్ణించాడు. మన ఆయుర్వేదంలో దీనిని కంపవాతం అన్నారు. చేయి వణకడం, ఒళ్లు బిగుసుకోవడం, అడుగు తీసి అడుగు వేయలేకపోవడం దాని లక్షణాలు. ఈ రోగుల మెదడులో డోపమైన్ అనే రసాయనం బాగా తగ్గిపోతున్నదని 1960లో వియన్నాలో తేలింది. డోపమైన్‌ను నేరుగా ఇస్తే మెదడులోకి పోదు. దానికి ముడిసరుకైన లెవోడోపా పోతుంది. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ దానిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఇవ్వగా, మంచానికి అంటుకుపోయినవారు లేచి నడిచారు. నేటికీ ఆ వ్యాధికి ముఖ్యమైన మందు అదే.

మరి మాత్ర ఎందుకు, గింజలే తినవచ్చును కదా? లండన్‌లో ఎనిమిది మంది రోగులకు దూలగొండి గింజల పొడి 30 గ్రాములు ఇచ్చి చూసి 2004లో ఫలితం ప్రకటించారు. అది మాత్రకంటే త్వరగా పనిచేసినది, ఎక్కువసేపు నిలిచినది. కాని అక్కడ పొడిలో లెవోడోపా ఎంత ఉన్నదో ముందుగా కొలిచారు. చేలోని గింజలలో అది ఒకచోట ఒక విధంగా, మరొకచోట మరొక విధంగా ఉంటుంది. మోతాదు మించితే వాంతులు, రక్తపుపోటు పడిపోవడం, లేనివి కనబడినట్లు భ్రమ కలగడం సంభవిస్తుంది. మాత్ర వేసుకుంటూనే ఎవరికీ చెప్పకుండా చూర్ణం కూడ తింటే రెండు మోతాదులు ఒకటై మీద పడతవి. వైద్యునికి చెప్పకుండా ఈ పని చేయరాదు. మరొక మాట కూడ ఉన్నది. లెవోడోపా నశిస్తున్న కణాలను కాపాడదు. లోటును మాత్రమే పూరిస్తుంది. ఆగిన కాలువకు బదులు కడవలతో నీరు పోసినట్లు.

చివరకు పరమేశ్వరునికి ఇష్టమైన ఉమ్మెత్త. కోటప్పకొండ త్రికోటేశ్వరునికైనా, మన ఊరి శివాలయంలోని స్వామికైనా ఉమ్మెత్త పువ్వు సమర్పిస్తాము. వినాయకచవితి నాటి ఇరువదియొక్క పత్రులలో దత్తూర పత్రం అదే. అది తింటే పిచ్చెక్కుతుందని కూడ అందరికీ తెలుసు. ఎందుకంటే నాడీకణాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చేరవలసిన తలుపులను అందులోని పదార్థాలు మూసివేస్తవి. మతిమరుపు వ్యాధిలో తరిగిపోయేది కూడ ఆ ఎసిటైల్‌కోలినే. మోసిన కబురును చెరిపివేసే ఎంజైము ఒకటి ఉంటుంది. దానిని కొంచెం నెమ్మదింపజేస్తే ఉన్న కాస్త ఎసిటైల్‌కోలిన్ ఎక్కువసేపు పనిచేస్తుంది. ఆ పని చేసే గ్యాలంటమిన్ అనే మందు యూరపులో మంచు కరగగానే పూచే ఒక చిన్న తెల్లపువ్వు దుంప నుండి వచ్చినది. రివాస్టిగ్మిన్ అనే మందుకు నమూనా పశ్చిమ ఆఫ్రికాలోని ఒక విషపు చిక్కుడు గింజ. ఇంటి పెద్దలకు వైద్యులు వ్రాసే మాత్రలు చాలవరకు ఈ కోవలోనివే. అనగా మొక్కల మీది నమ్మకంతో మాన్పిస్తున్న మాత్ర కూడ మొక్క నుండి వచ్చినదే కావచ్చు.

ఇదే ఎంజైమును మరొకటి కూడ అడ్డుకుంటుంది. అది పత్తికి, మిరపకు కొట్టే మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి పురుగుమందు. గ్యాలంటమిన్ ఎంజైమును నెమ్మదిగా పట్టి వదులుతుంది. పురుగుమందు పట్టి వదలదు. మన రెండు జిల్లాలలో మందు మీద మందు కొట్టినా 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టగా, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పెద్దలకు జ్ఞాపకమే. మందు ఒంటిమీద పడినా, పీల్చినా, త్రాగినా ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి కంటిపాప సూదిమొనంత అవుతుంది. నోటివెంట చొంగ కారుతుంది. చెమటలు, వాంతులు, కండరాల అదురు, మూర్ఛ, ఊపిరాడకపోవడం వరుసగా వస్తవి. మూర్ఛ ఎంతసేపు ఉంటే మెదడు కణాలు అంతగా నశిస్తవి. ఆ స్థితిలో ఆసుపత్రిలో ఇచ్చే ప్రధానమైన విరుగుడు అట్రోపిన్. అది ఉమ్మెత్తలోని పదార్థాల కుటుంబానికి చెందినదే. శివుని పూజలో ఉంచే పువ్వు తాలూకు సారం, గరళం మింగినవానిని బ్రతికిస్తున్నదన్నమాట. అంతమాత్రాన ఉమ్మెత్త రసం పోయుట ప్రాణాంతకం. ఆసుపత్రిలో అట్రోపిన్‌ను గుండె వేగం, ఊపిరితిత్తుల చప్పుడు చూస్తూ నిమిషాల లెక్కన ఎక్కిస్తారు.

మొక్కల నుండి వచ్చిన పురుగుమందైతే హాని లేదనుకొనుట కూడ పొరపాటు. కొన్ని మొక్కల వేర్ల నుండి తీసే రోటెనోన్‌ను అట్లాంటాలో ఎలుకలకు ఎక్కించినప్పుడు, వాటికి వణుకు వ్యాధి వంటిదే వచ్చినట్లు 2000లో వెల్లడైనది.

కనుక పత్తికి, మిరపకు మందు కొట్టేవారు ఇంట ఉన్న భక్తులు ఈ కొన్ని విషయాలు గుర్తుంచుకొనగలరు. గాలికి ఎదురుగా నిలిచి కొట్టరాదు. మందును చేతితో కలపరాదు. పొడుగుచేతుల చొక్కా, చేతులకు తొడుగులు, ముక్కుకు, నోటికి అడ్డు ఉండాలి. ఇంటికి రాగానే ఆ బట్టలు వేరుగా ఉతకాలి. పిల్లలను ఎత్తుకొనుట స్నానం తరువాతనే. ఎవరైనా తూలిపడితే ముందు తడిసిన బట్టలు తీసివేసి, సబ్బుతో ఒళ్లు బాగా కడగాలి. అలా కడిగేవారు తమ చేతులకు మందు అంటకుండ చూసుకోవాలి. వాంతి చేయించేందుకు ఉప్పునీళ్లు, పేడనీళ్లు త్రాగించరాదు. స్పృహ లేకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. మందు డబ్బాను తప్పక వెంట తీసుకుపోవాలి. దానిమీది పేరు చూస్తేనే ఏ విరుగుడు ఇవ్వాలో వైద్యుడు వెంటనే నిర్ణయించగలడు.